కిటికీ పక్కన తువ్వాలు

సముద్రం మధ్య దీవుల్లోని డిగ్నాబాదులో ఎవరు మెయిన్‌లాండుకి బయలుదేరినా ముందు ఓడ టికెట్టు కొంటారు, ఆ తరవాత నాగబాబు వరండాకి వస్తారు. ఓడ దిగాక రైలెక్కాలి కదా. ఏ రైలు, ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ దిగాలి, తక్కువ ఖర్చులో ఇంకేం చూసి రావచ్చు అన్నది నాగబాబే చెప్పాలి.

నాగబాబు పగలంతా ఫెర్రీ బోట్ల ఇంజన్లు బాగు చేస్తాడు. సాయంత్రం ఒంటి మీది గ్రీజంతా వదలగొట్టుకుని, నీలం గళ్ళ తువ్వాలు భుజాన వేసుకుని, టీ గ్లాసుతో వరండాలో కూర్చున్నాడంటే అప్పటినుంచి అది రైల్వే ఆఫీసు. శని ఆదివారాల్లో, చవగ్గా, రైలు మీద తిరిగి రావడం ఆయన ప్రత్యేకత. "రాత్రి బండెక్కు తమ్ముడూ, లాడ్జి ఖర్చు మిగుల్తుంది" అనేవాడు. "గోదావరి చూడ్డానికి వేరే ఖర్చెందుకు? పగటిపూట బ్రిడ్జి దాటే బండెక్కు, కుడివైపు కూర్చో, అయిపోయింది" అనేవాడు. వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చి, నువ్వు చెప్పినట్టే జరిగిందని మెచ్చుకునేవారు. ఆ మెప్పుతో నాగబాబుకి వారం రోజులు అన్నం సహించేది కాదు, కడుపు నిండిపోయి.

ఇంతకీ నాగబాబు జన్మలో రైలెక్కలేదు. ఎక్కడ ఎక్కుతాడు పాపం, దీవుల్లో రైలుంటే కదా. పుట్టింది ఇక్కడే, పెరిగింది ఇక్కడే. కుర్రతనంలో ఒక్కసారి ఓడ మీద మద్రాసు వెళ్ళాడు. రేవు పక్కనే చుట్టాల పెళ్ళి, పెళ్ళి భోజనం, మళ్ళీ అదే ఓడ. రైలు కూత మాత్రం వినబడింది. ఆ కూత పట్టుకునే ఇన్నేళ్ళూ కాపురం చేస్తున్నాడు.

పోనీ, తన కోసం ప్లాన్లు వెయ్యలేదా అంటే, డజన్ల కొద్దీ వేశాడు. తీరా టికెట్లు కొనే వేళకి, వచ్చే నెలయితే ఇంకాస్త చవగ్గా తెములుతుందని తేలేది. వచ్చే నెల వచ్చాక ఆపై నెల. ఆయన భార్య సుమకి ఇది అలవాటైపోయింది. "మా ఆయన పుణ్యమా అని దేశమంతా తిరిగొచ్చామమ్మా, ఖర్చల్లా టీ పొడికే" అని ఇరుగూ పొరుగూ ముందు అంటుండేది.

ఎటొచ్చీ తల్లి గవరమ్మ ముందు మాత్రం నాగబాబుకి మొహం చెల్లేది కాదు. ఆవిడకి డెబ్బై దాటాయి. ఆవిడ తండ్రి భీమిలి వైపు నుంచి కూలికని ఓడెక్కి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. రైలెలా ఉంటుందో, ఎలా కూస్తుందో, కొండలోకి దూరి చీకటి చేసి ఎలా బయటికొస్తుందో కూతురికి కథలు కథలుగా చెప్పేవాడు. గవరమ్మ ఆ రైలునే కొడుక్కీ, తరవాత మనవలకీ చీర కొంగు పట్టించి ఇల్లంతా తిప్పింది. ముందు నడిచే ఇంజనూ ఆవిడే, కూతా ఆవిడే. "సచ్చేలోగా ఒక్కపాలి రైలెక్కించరా నాగా" అని ఏడాదికోసారి గుర్తు చేసేది. నాగబాబు "వచ్చే నెలమ్మా" అనేవాడు.

అలాంటి ఇంటికి ఒకరోజు సుందరి వచ్చింది. సుందరి వాళ్ళది వెనక వీధి. వాళ్ళ తెలుగు చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద ఆవిడే.

"వందనాలు గవరమ్మత్తా. వైజాగ్‌లో మా ఆడవాళ్ళ మీటింగుందమ్మా. నేనూ, మా పిల్ల ఫేబే ఎల్తన్నాం. చేపల కాళమ్మ కూడా ఊరు చూస్తానని వస్తంది. నువ్వూ రారాదూ?"

"మీటింగుకి నేనెందుకే?" అంది గవరమ్మ.

"మీటింగు శుక్కురారంతో ఖతమ్. ఓడేమో సోమారం దాకా రేవులోనే ఉంటది. మజ్జెన శని ఆదివారాలు ఖాళీయే కదా. అరకు రైలెక్కుదాం" అని, సుందరి నాగబాబు వైపు తిరిగింది. "ప్లాను నువ్వెయ్యాలి. మగతోడు నువ్వే రావాలి. అదే ఓడలో తిరిగొచ్చేద్దాం. సరేనా భయ్యా?"

గవరమ్మ చేతిలో చాట అలాగే ఆగిపోయింది. కొడుకు వైపు చూసింది. ఆ చూపు ముందు వచ్చే నెల అనడానికి నాగబాబుకి నోరు రాలేదు. "సరే దీదీ, వస్తాను" అనేశాడు.

ఆ వారం రోజులూ నాగబాబు నేల మీద నడిచాడంటే ఒట్టు. శనివారం పొద్దున్నే ప్యాసింజరు బండి. అరకులో మిషన్ వాళ్ళ గెస్టుహౌసులో బస. ఆదివారం ఆ ఊరి చర్చిలో ఆరాధన. మధ్యాహ్నం బస్సులో వెనక్కి, ఎందుకంటే ఓడ తప్పితే మళ్ళీ ఓడ ఎప్పుడో దేవుడికే తెలియాలి, విమానం టికెట్టు కొనేటంత మొనగాళ్ళు వాళ్ళలో ఎవరూ లేరు. ఫేబే ఫోన్లో ఐదుగురికీ రైలు టికెట్లు బుక్ చేయించాడు. నాగబాబుకి కిటికీ పక్క సీటు పడింది. ఆ మాట ఆయన వర్క్‌షాపులో చెప్పని మనిషి లేడు.

అన్నీ అమరాక ఒక బెంగ పట్టుకుంది. దీవుల్లో పెరిగిన మనిషికి ఓడ అలవాటు. ఓడ జెట్టీకి వచ్చిందంటే పూటకి పూట కదలదు. జనం పలచబడేదాకా కూర్చుని, మొహం కడుక్కుని, చెప్పులు వెతుక్కుని, తాపీగా దిగడం మనవాళ్ళ పద్ధతి. రైలు అలా ఊరుకుంటుందా? చిన్న స్టేషన్లో రెండంటే రెండు నిమిషాలు. ఈ నలుగురాడవాళ్ళూ చెప్పులు వెతుక్కునేలోపు బండి ఒడిశా చేరుతుంది.

అందుకని రిహార్సలు పెట్టాడు. ఆదివారం ఆరాధన అయ్యాక నలుగురినీ సంచులతో సహా ఊరవతలి సిప్పీఘాట్ బస్సెక్కించాడు. దారిలో స్టాపు వచ్చినప్పుడల్లా "దిగండి!" అని అరిచేవాడు. నలుగురూ సంచులు పట్టుకుని బిలబిలా దిగేవారు. వెంటనే "ఎక్కండి!" అనేవాడు. మళ్ళీ బిలబిలా ఎక్కేవారు. మొదటి స్టాపులో కాళమ్మ చెప్పు ఒకటి బస్సులోనే ఉండిపోయింది. రెండో స్టాపులో సుందరి వేరే ఎవరిదో కూరగాయల సంచితో దిగింది.

మూడో స్టాపులో కండక్టరు రెండు చేతులూ జోడించాడు. "భయ్యా, చడ్నా హై యా ఉతర్నా హై? ఎక్కడమో దిగడమో ఏదో ఒకటి తేల్చండి!"

"ప్రాక్టీసు భయ్యా. వీళ్ళు రైలెక్కుతున్నారు" అన్నాడు నాగబాబు.

"ఇది బస్సు కదా!"

"రైలెక్కడుంది మరి? ఉంటే అందులోనే చేసేవాళ్ళం."

ఆ మాటకి బస్సంతా నవ్వింది. నవ్వీ నవ్వీ వాళ్ళు కూడా కలిసిపోయారు. నాలుగో స్టాపు వచ్చేసరికి "దిగండి!" అన్నది నాగబాబు కాదు, ప్రయాణికులందరూ. సిప్పీఘాట్ చేరేసరికి కాళమ్మ అంతటి భారీ మనిషి అందరికంటే ముందు నేల మీద ఉంది. అక్కడ పులిహోర తింటూ నాగబాబు ఆఖరి పాఠం చెప్పాడు. "సీటు దొరకగానే తువ్వాలు వేసెయ్యాలి. తువ్వాలు వేస్తే సీటు మనది. ఇంకెవరూ కూర్చోరు. ఓడ డెక్కు మీద దుప్పటి పరుచుకోమూ, అలాగే."

గవరమ్మ ఆ పాఠం శ్రద్ధగా వింది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక్కడే నాగబాబు బుద్ధి గడ్డి తింది. ఓడ దగ్గర పడుతున్న కొద్దీ ప్లాను ఇంకా చవగ్గా చెయ్యాలన్న పురుగు తొలచడం మొదలెట్టింది. బస దగ్గర కోశాడు, తిండి దగ్గర కోశాడు, ఆటో తీసేసి నడక పెట్టాడు. ఇంక కొయ్యడానికి ఏమీ మిగలక చూస్తే, మిగిలింది తనే. తను మానేస్తే ఓడ టికెట్టు మిగులుతుంది, సెలవులు మిగులుతాయి. ఫేబే చదువుకున్న పిల్ల, ఫోనుంది, తోవలో తను చెబుతూనే ఉంటాడు. ఇంక తనెందుకు?

లెక్క అలా చెప్పింది గానీ అసలు సంగతి అది కాదు. నాగబాబుకి భయం వేసింది. ఇన్నేళ్ళుగా తలలో నడుపుకున్న రైలు ఒకటుంది. అది ఎప్పుడూ లేటవ్వదు, దానికి ఎప్పుడూ కిటికీ సీటే. నిజం రైలెక్కితే అది ఇంతేనా అనిపిస్తే? ఆ తరవాత సాయంత్రాలు వరండాలో కూర్చుని ఏం చెయ్యాలి? ఈ భయం ఎవరికీ చెప్పుకోలేదు, చెప్పుకునేటంత మంచి భయం కూడా కాదు.

తల్లి దగ్గరికి వెళ్ళి, "వర్క్‌షాపులో సెలవు కుదరలేదమ్మా. మీరు వెళ్ళిరండి. నేను వచ్చే నెల..." అన్నాడు.

గవరమ్మ చింతపండులో గింజలు తీస్తోంది. తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. "సర్లేరా. నీ ఇట్టం" అంది. ఆ సర్లే నాగబాబుకి ముల్లులా దిగింది. తిట్టినా బాగుండేది.

పక్కనే ఉన్న ఫేబేతో, "అయితే నా రైలు టికెట్టు కేన్సిల్ చేసెయ్యమ్మా. ఎంతొస్తే అంత" అన్నాడు. ఫేబే గవరమ్మ వైపు ఒకసారి చూసింది. "చేస్తాలే భయ్యా" అంది.

ఓడ వెళ్ళిన మర్నాడు ఇంట్లో తువ్వాలు కనబడలేదు. సుమ తీగ మీద వెతికింది, మంచం కింద వెతికింది. "పెళ్ళాంబిడ్డల్ని ఎక్కడికీ తీసుకెళ్ళరు, తువ్వాలు మాత్రం ఊరేగి ఎక్కడో పారేసొస్తారు" అని మొగుణ్ణి నాలుగు దులిపింది. నాగబాబు దులిపించుకున్నాడు. ఆ రోజుల్లో ఎవరేమన్నా పడుతున్నాడు.

శనివారం వచ్చింది. నాగబాబు వర్క్‌షాపులో ఇంజను విప్పి కూర్చున్నాడు గానీ చెయ్యి ఇంజను మీద, చెవి ఫోను మీద. ఇప్పుడు బండి కదిలి ఉంటుంది. ఇప్పుడు కొండ మొదలై ఉంటుంది. ఇప్పుడు మొదటి సొరంగం. అమ్మ చీకట్లో కూత వేసిందో ఏమో అనుకుని తనలో తనే నవ్వుకున్నాడు. ఆ నవ్వు నిలబడకుండానే ఫోను మోగింది.

"భయ్యా, దిగేశాం!" అంది ఫేబే. వెనకాల ఒకటే గోల.

"అప్పుడే అరకా?"

"అరకు కాదు! ఏదో చిన్న స్టేషను. బండి ఆగింది, కాళమ్మత్త 'దిగండి' అని అరిచింది, అంతే, దిగేశాం!"

నాగబాబు చేతిలో పానా జారి కాలి మీద పడింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది ఆయన రిహార్సలు. "బండి వెళ్ళిపోయిందా?"

"లేదు భయ్యా, ఇక్కడే ఉంది. ఎదుర్నించి గూడ్సు రావాలంట, అది దాటేదాకా కదల్దంట. కిటికీల్లోంచి అందరూ మమ్మల్నే చూస్తన్నారు."

"అయితే ఎక్కండి! ఎక్కండమ్మా తల్లీ!"

"కాళమ్మత్త ఎక్కనంటంది. దిగిన రైలు మళ్ళీ ఎక్కితే మళ్ళీ టికెట్టు కొనాలంట."

"కొనక్కర్లేదని చెప్పు! నేను చెప్పానని చెప్పు! అమ్మేదీ? అమ్మ జాగర్తగా దిగిందా?"

"అమ్మమ్మ దిగనేలేదు. దిగితే సీటు పోతాదంట. కిటికీ దగ్గర్నించి కదల్నంటంది."

చూశావా, ముసలావిడకి ఎంత సీటు పిచ్చి అనుకున్నాడు నాగబాబు. ఇంతలో లైను కట్ అయిపోయింది. మళ్ళీ చేస్తే కలవలేదు. మళ్ళీ మళ్ళీ చేశాడు. కొండల్లో సిగ్నలుండదని తనే ఎంతమందికి చెప్పాడో. ఎక్కారో లేదో, బండి కదిలిందో లేదో, ముగ్గురు కింద, అమ్మ పైన. తలప్రాణం తోకకొచ్చింది. గ్రీజు చేతులతోనే బయటికొచ్చి సముద్రం ముందు నిలబడ్డాడు. ఆవలి ఒడ్డు ఓడ మీద మూడు రోజుల దూరం. తను అక్కడ ఉండవలసినవాడు, ఇక్కడ ఉన్నాడు. ఆ ఒక్క మాట తప్ప ఆయనకి ఇంకేమీ తోచలేదు. ఏడుపొచ్చింది కూడా.

మధ్యాహ్నం దాటాక మెసేజి వచ్చింది. అందరూ ఎక్కారు, అరకు చేరారు, వెదురుబొంగు చికెన్ తింటున్నారు. నాగబాబు అప్పుడు వెళ్ళి అన్నం తిన్నాడు.

ఓడ తిరిగొచ్చిన రోజు హాడ్డో జెట్టీకి అందరికంటే ముందు చేరాడు. ఓడ ఆగింది, నిచ్చెన పడింది, జనం దిగుతున్నారు. కాళమ్మ, సుందరి, ఫేబే ఒకరి వెనక ఒకరు వచ్చారు. గవరమ్మ మాత్రం జనమంతా పలచబడ్డాక, మొహం కడుక్కుని, చెప్పులు వెతుక్కుని, తాపీగా దిగింది. ఓడ కదా మరి.

నాగబాబు సంచి అందుకున్నాడు. "ఎలా ఉందమ్మా రైలు?"

"ఓలమ్మ, ఏటి సెప్పమంతావురా! మా నాన్న సెప్పినట్టే ఉంది. కొండలోకి దూరిపోనాది, సీకటి. బయటికొచ్చింది, ఎలుతురు. మళ్ళీ సీకటి. పిల్ల గుంటలందరూ కూతలేసినారు. నానూ ఏసినాను."

"కిటికీ దగ్గర బాగా కూర్చున్నావా?"

"కూకోడమెక్కడిది? నానొక సూలింతకి నా సీటిచ్చీసినాను. బండి కదలకముందే ఎక్కింది పాపం, నిండు నెలలు."

"నిలబడ్డావా? అంత దూరమూ?"

"మోకాళ్ళు లాగితే సంచి మీద సతికిలబడ్డాను. ఏటైపోయింది ఇప్పుడు?"

నాగబాబుకి తల తిరిగింది. "మరి ఫేబే కిటికీ దగ్గర ఉన్నావందే? సీటు వదలనన్నావట కదా?"

ఫేబే నవ్వాపుకోలేక ఫోను తీసి ఫోటో చూపించింది. రైలు పెట్టె. సుందరి, కాళమ్మ, ఎవరో గర్భిణి, ఫేబే భుజం. వాళ్ళ ముందు సంచి మీద గవరమ్మ. ఎదురుగా కిటికీ, కిటికీ అవతల పచ్చటి లోయ. కిటికీ పక్క సీటు ఖాళీ. దాని మీద నాలుగు మడతలు పెట్టి నీలం గళ్ళ తువ్వాలు.

"సారీ భయ్యా, కేన్సిల్ చెయ్యలేదు. అమ్మమ్మ వద్దంది" అంది ఫేబే.

"టీసీ గారు వచ్చి ఎవరిదీ సీటంటే ఈవిడేటన్నదో తెల్సా?" అంది కాళమ్మ, జెట్టీ అంతటికీ వినబడేలా. "మా వోడిది, టికెట్టుంది, సూస్కో బాబూ అంది! ఏడీ అంటే, వత్తన్నాడు అంది! ఆయన నవ్వేసి ఎలిపోనాడు."

నాగబాబు ఫోటోని ఇంకోసారి చూశాడు. "ఆవిడకి నా సీటు ఇచ్చి నువ్వు కూర్చోవచ్చు కదమ్మా."

గవరమ్మ ఆశ్చర్యంగా చూసింది, ఇదేం ప్రశ్న అన్నట్టు. "ఇయ్యడానికి నాకు నా సీటుంది కదురా. నీది నిన్నడక్కండా నానెలాగిస్తాను?" అంది. తరవాత కాస్త మెల్లగా, "నువ్వెప్పుడో వత్తావని కాదురా. ఆ కిటికీ నీది. దానికోసం ఎన్నేళ్ళనించి ఎదురుసూస్తన్నావో నాకు తెల్దా" అంది.

నాగబాబు సంచి దింపాడు. గిర్రున తిరిగి నడిచాడు.

"ఒరే, ఇల్లిటురా, అటెక్కడికి!" అంది గవరమ్మ.

ఓడ టికెట్ల కౌంటర్లో ధనరాజు ఉన్నాడు. నాగబాబు వరండా టీ ఆయనా తాగినవాడే. "ఏం భయ్యా, ఎవరికి ప్లానిప్పుడు?"

"వైజాగ్ ఓడ. ఏది ముందుంటే అది."

"ముందుదాన్లో చవక టికెట్లు అయిపోయాయి. నువ్వే కదా చెబుతావు, వచ్చే నెల దాకా ఆగితే..."

"ఆగను. మూడు టికెట్లివ్వు. నాకూ, మా ఆవిడకీ, మా అమ్మకీ."

"అమ్మకా? ఇప్పుడే కదా వచ్చింది! రైలెక్కేసొచ్చిందని కాళమ్మ అక్కణ్ణించి కేకలేస్తోంది."

"ఎక్కింది" అన్నాడు నాగబాబు, డబ్బులు తీస్తూ. కళ్ళు తుడుచుకుందామని భుజం మీద చెయ్యి వేశాడు గానీ తువ్వాలు లేదు. మోచేత్తోనే తుడుచుకున్నాడు. "ఎక్కిందిరా ధనా. ఇంకా కూర్చోలేదు."